రవ్వ, పంచదార, ఎండు నెత్తళ్ళ పొడి

నా పెళ్ళి కుదిర్చినప్పుడు మావాళ్ళు ఆడపిల్లవాళ్ళకు "సింగపూర్ గవర్నమెంటులో ఉద్యోగం" అని మాత్రమే చెప్పారు. అవతలివాళ్ళు అంతకు మించి అడగలేదు, మావాళ్ళు చెప్పలేదు. పెళ్ళయ్యాక మా ఆవిడ అడిగింది, ఇంతకీ ఆఫీసులో మీరేం చేస్తారని. చీమల్ని, దోమల్ని, చెదల్ని చంపుతానని చెప్పాను. చాలాసేపు నవ్వింది. అప్పటినుంచి వంటింట్లో పంచదార డబ్బా చుట్టూ చీమలు కనిపిస్తే చాలు, "మీ ఆఫీసువాళ్ళు వచ్చారు" అని కేకేస్తుంది. నేను రిటైరయ్యాను కదా అంటే ఆ మాట చీమలకు చెప్పమంటుంది.

ఇప్పుడు ఈ పనిలోకి వస్తున్న మీలాంటి పిల్లలకు నామీద కొంచెం జాలి ఉన్నట్టుంది. మీకు టాబ్లెట్లూ మ్యాపులూ ఉన్నాయి, చీమ ఫోటో తీస్తే దాని కులగోత్రాలు చెప్పే యాప్ ఉంది. మాకు భూతద్దం, మోకాళ్ళు ఉండేవి. మోకాళ్ళు ఇప్పుడు లేవు. అయినా ఒక సంగతి మీకు చెప్పాలి. నా సర్వీసు చివర్లో జరిగింది. చీమలు ఎర ఎందుకు ముట్టుకోవడం లేదో ఏ యాప్ కూడా చెప్పలేని కేసు అది.

పాసిర్ రిస్ దగ్గర సముద్రపు ఒడ్డున బాదం చెట్ల తోపులోకి ఒక పరాయి చీమ వచ్చింది. పిచ్చి చీమ అంటారు. లేత పసుపు రంగు, ఒంటికి మించిన పొడుగు కాళ్ళు. మన చీమల్లాగా వరసలో బుద్ధిగా నడవదు, ట్రైన్ తలుపులు మూసుకునే సమయంలో ప్లాట్‌ఫారం మీద జనంలాగా పరుగెడుతుంది. కుట్టదు కానీ ఆమ్లం చిమ్ముతుంది. అది పీతల కళ్ళలో పడితే అవి గుడ్డివవుతాయి. గూట్లో ఉన్న పక్షిపిల్లలదీ అదే గతి. ఏ కుండీల మొక్కలతోనో, ఏ ఓడలోనో వచ్చి ఉంటుంది. ఆ ఒడ్డునుంచే దగ్గర్లోని ఒక చిన్న దీవికి సామాన్ల పడవలు వెళతాయి. ఆ దీవిలో పక్షులు నేలమీదే గుడ్లు పెడతాయి. ఈ చీమ పడవెక్కకముందే దాన్ని తోపులో ఆపడం మా పని.

ఆపడానికి రెండు దారులు. ఒకటి, తోపంతా మందు కొట్టడం. చీమలతోపాటు తేనెటీగలూ సీతాకోకచిలుకలూ సాలీళ్ళూ బల్లులకు తిండీ అన్నీ పోతాయి. రెండోది ఎర. చిన్న చిన్న గింజలు, అందులో మెల్లగా పనిచేసే మందు. తిన్న చీమ వెంటనే చావకూడదు. గూటికి మోసుకెళ్ళి రాణులకు పెట్టాలి. రాణులు పోతే గూడు దానంతట అదే పోతుంది.

ఎర పద్ధతి మా పరిశోధకురాలిది. వరంగల్ వైపు అమ్మాయి, ఇక్కడి యూనివర్సిటీలో చీమల మీద డాక్టరేటు చేసి, కాంట్రాక్టు మీద మా దగ్గరికి వచ్చింది. నన్ను మీటింగుల్లో సార్ అనేది, తోపులో అంకుల్ అనేది. చీమల గురించి మాట్లాడేటప్పుడు అన్నం సంగతి కూడా మరచిపోయేది కాబట్టి డబ్బా నేనే గుర్తుచేసేవాణ్ణి.

మొదటిసారి వేసిన ఎరను చీమలు ముట్టుకోలేదు. వానవల్ల అనుకున్నాం. రెండోసారి ఎండ కాసిన రోజు చూసి వేశాం. అప్పుడూ ముట్టుకోలేదు. ఎర పక్కనుంచే పరుగెత్తుకుంటూ వెళ్ళిపోయాయి, పెళ్ళి భోజనం చేసి వస్తున్నవాళ్ళు టీకొట్టు ముందునుంచి వెళ్ళిపోయినట్టు.

"గివి తింటలేవు అంకుల్," అంది ఆ అమ్మాయి తోపులో గొంతుక్కూర్చుని. "ల్యాబుల మంచిగ తిన్నయి. ఈడేమైందో సమజైతలేదు."

మా డైరెక్టరు నాకంటే బాగా చిన్నది, చైనీస్ ఆవిడ, మాట తక్కువ. రెండో రిపోర్టు చూసి, "ఇంకొక్క రౌండు. అదీ ఫెయిలైతే స్ప్రే. నో మోర్ ఛాన్స్ లా," అంది, ఇక్కడివాళ్ళ అలవాటుగా చివర 'లా' తగిలించి. ఆవిడ తప్పేమీ లేదు. పడవలు ఎవరికోసమూ ఆగవు.

మర్నాడు ఆ అమ్మాయి ఎర సంగతి పక్కనపెట్టి, ఒక్క చీమల దారి పట్టుకుని దాని వెనకే వంగి నడవడం మొదలుపెట్టింది. నేను నిటారుగా వెనక నడిచాను. తోపు మధ్యలో ఒక పెద్ద బాదం చెట్టు వేళ్ళ దగ్గర దారి ఆగింది. అక్కడ బోర్లించిన కొబ్బరిచిప్పలు ఉన్నాయి. ఎత్తి చూస్తే కింద చీమల జాతర.

"రవ్వ ఉంది అంకుల్," అంది. ముక్కు దగ్గర పెట్టుకుని, "చక్కెర, కొబ్బరి. ఇంకేందో చేప వాసనొస్తుంది," అంది. "ఎవలో వీటికి రోజూ దావత్ ఇస్తున్నరు."

నేను ఆ రవ్వను చూడటం లేదు. చిప్పను చూస్తున్నాను. దాని అంచున వేలు పట్టేంత గంటు కోసి ఉంది, ఆ గంటు పల్లం వైపుకు తిప్పి ఉంది. వాననీళ్ళు లోపలికి రావు, చీమలకు దారి ఉంటుంది. ఎరను అలా పెట్టడం ఈ దేశంలో నాకు తెలిసి ఒక్కడే నేర్పాడు. నాకు నేర్పినవాడూ ఆయనే.

ఆయన మా పాత సూపర్‌వైజర్. నాలాగే మలేషియాలో కొబ్బరితోటల్లో పుట్టిన తెలుగువాడు, నాకంటే ముందే పని వెతుక్కుంటూ ఇటు దిగినవాడు. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో తంజోంగ్ పగార్ రేవు గోడౌన్లలో నన్ను వెంటబెట్టుకుని తిప్పి పని నేర్పాడు. అన్నా అని పిలిచేవాణ్ణి. మొండిమనిషి. మూఢనమ్మకాలంటే ఒళ్ళుమంట. ఒకసారి ఎవరింట్లోనో పూజగదికి చీమలు పట్టాయి. దేవుడే పిలిపించుకుంటున్నాడేమో, చంపితే దోషమేమో అని ఇంటావిడ భయపడుతుంటే, "దేవుడు కాదక్కా, పానకం. గ్లాసు కడిగి పెట్టండి," అని చేతులు దులుపుకుని వచ్చేశాడు. అలాంటి మనిషి చీమలకు ప్రసాదం పెడుతున్నాడంటే నమ్మబుద్ధి కాలేదు.

మరుసటి రోజు పొద్దున్నే నేనూ ఆ అమ్మాయీ తోపులో కాచుకుని కూర్చున్నాం. ఆయన మైలో డబ్బా చంకలో పెట్టుకుని, ఈలపాట పాడుకుంటూ వచ్చాడు. నన్ను చూసి ఆగాడు.

"ఏం రా, నువ్వా? మకాన్ అయిందా, తిన్నావా?"

"ఇంకా లేదన్నా. ముందు చీమలదవ్వనీ అని కూర్చున్నాం."

ఆయన డబ్బాను వెనక్కి దాచబోయి, ఇక లాభం లేదనుకున్నాడేమో, నవ్వాడు. "నా చిప్ప గుర్తుపట్టినావు చూడు," అన్నాడు. ఆ మాటలో కొంచెం గర్వం కూడా ఉంది.

డబ్బాలో ఏముందని అడిగింది ఆ అమ్మాయి. ఉప్మా రవ్వ, పంచదార, కొబ్బరికోరు, వేయించి దంచిన ఇకాన్ బిలిస్ పొడి అని చెప్పాడు. ఇకాన్ బిలిస్ అంటే ఎండు నెత్తళ్ళు. "శనివారం మాత్రం బిలిస్ వేయనమ్మా. ఆ రోజు నేనూ తినను, అవీ తినవు," అన్నాడు.

"గందుకే శనివారం లెక్కపెడితె చీమలు కొంచెం తక్కువ వస్తున్నయా!" అని ఆ అమ్మాయి తొడమీద చరుచుకుంది. తర్వాత ఆయనకు మొత్తం విడమరచి చెప్పింది. చీమలు ఆకలిమీద ఉంటేనే ఎర తింటాయని, కడుపు నిండా పెడుతుంటే ఎర వైపు కూడా చూడవని, ఈసారి కూడా తినకపోతే తోపంతా మందు కొడతారని. "నాలుగు దినాలు పెట్టుడు బంద్ చెయ్యుండ్రి అంకుల్, చాలు."

ఆయన నవ్వు పోయింది. "నేను ఆపలేనమ్మా," అన్నాడు.

ఎందుకో నాకు చెప్పాడు, ఆ అమ్మాయికి కాదు. అంతకు ముందు ఏడాది వదినకు పక్షవాతం వచ్చింది. కుడిచెయ్యి, మాట రెండూ పడిపోయాయి. ఆసుపత్రికి నేను వెళ్ళి చూశాను కూడా. ఈయన ఎవరో చెప్పగా సరిహద్దు దాటి మలేషియాలోని జొహోర్ వెళ్ళి ఒక జ్యోతిష్యుణ్ణి కలిశాడట. ఆయన ఈయన్ని చూడగానే, నీ చేతుల మీదుగా చాలా జీవహత్య జరిగింది, రోజూ చీమలకు పెట్టు అన్నాడట.

"నా ఉద్యోగమేంటో నేను చెప్పలేదురా ఆయనకి. ఒక్క ముక్క చెప్పలేదు. ఎలా తెలిసింది?"

"ఆ రోజు ఏం చొక్కా వేసుకెళ్ళావన్నా?"

ఆయన ఆలోచించాడు. "మన ఆఫీసు ఫ్యామిలీ డే టీషర్టు."

ఆ టీషర్టు నా దగ్గరా ఉంది. ఛాతీమీద అరచేయంత దోమ, దానిమీద ఎర్రటి ఇంటూ మార్కు. ఆయనకూ వెలిగింది. కానీ వెలిగినంత మాత్రాన భయం పోదు కదా. "సరే లా, వాడు దొంగే అనుకో," అన్నాడు. "నేను పెట్టడం మొదలుపెట్టినాక మీ వదిన మాట్లాడిందిరా. చెయ్యి కదిపింది. ఇప్పుడు ఆపినాననుకో. మళ్ళీ ఏమైనా అయితే? నువ్వొచ్చి జవాబు చెప్తావా?"

ఆయన కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఆయనలా ఉండటం నేనెన్నడూ చూడలేదు, నాకు చాలా బాధేసింది. ఆ అమ్మాయి చటుక్కున ఎటో చూడటం మొదలుపెట్టింది. ఆయన మా ఎదురుగానే చిప్పలు ఎత్తి, వాటికింద పిడికెడు పిడికెడు పెట్టి, మళ్ళీ బోర్లించి వెళ్ళిపోయాడు.

సంగతి ఆఫీసులో చెప్పక తప్పలేదు. పార్కులో అలా తిండి పెట్టడం జరిమానా పడే పనే, కానీ ఆ మాట ఎవరూ ఎత్తలేదు. మా కాంట్రాక్టు పనివాళ్ళ మేస్త్రీ మాత్రం ఒక ఉపాయం చెప్పాడు. చాలా తెలివైన ఉపాయం. "ముసలాయన ఎలాగూ పెడతాడు కదా. డబ్బాలో పొడి మార్చేద్దాం. ఈజీ లా." డైరెక్టరు నావైపు చూసింది. ఆ అమ్మాయి కూడా చూసింది, కాంట్రాక్టు ముగిసే నెల దగ్గరపడుతున్న మనిషి చూపు అది.

పనిచేసేదే, సందేహం లేదు. కానీ ప్రాయశ్చిత్తం అనుకుని పెడుతున్న మనిషి చేత, ఆయనకు తెలియకుండా విషం పెట్టించడం నావల్ల కాదన్నాను. నేను వెళ్ళి మాట్లాడతానన్నాను. డైరెక్టరు, "కెన్ ఆర్ నాట్?" అని మాత్రం అడిగింది. కెన్ అన్నాను. ఈ దేశంలో బతికినవాళ్ళకు తెలుసు, ఆ ఒక్క మాట అన్నాక వెనక్కి వెళ్ళడం ఎంత కష్టమో.

వాళ్ళ ఫ్లాటు తోపుకు దగ్గర్లోనే. వెళ్ళేసరికి వదిన బల్ల దగ్గర కూర్చుని, కుడిచేత్తో చెంచా పట్టుకుని, ఒక గిన్నెలోంచి ఇంకో గిన్నెలోకి పెసలు పోస్తోంది. థెరపిస్టు ఇచ్చిన వ్యాయామం. సగం పెసలు బల్లమీదే ఉన్నాయి. మాట కాస్త ముద్దగా వస్తోంది కానీ పదును మాత్రం తగ్గలేదు. నన్ను చూడగానే, "వచ్చినావా? నీ పొట్ట పెరిగింది," అంది.

అన్న వెనకనుంచి నాకు కళ్ళతో ఏదో సైగ చేస్తున్నాడు. నాకర్థం కాలేదు. కుర్చీలో కూర్చుంటూనే, "వదినా, నువ్వైనా చెప్పు, చీమలకు పెట్టడం నాలుగు రోజులు ఆపమను," అనేశాను.

వదిన చెంచా ఆగింది. "చీమలకా?" అంది.

అప్పుడర్థమైంది సైగ. ఆవిడకు తెలియదు. పొద్దున్నే వాకింగ్‌కు వెళుతున్నానని చెప్పాడట. ఇన్నేళ్ళకు మా ఆయనకు ఒంటిమీద శ్రద్ధ పుట్టిందని ఆవిడ అందరికీ ఫోన్లు చేసి చెప్పుకుంటోంది. ఆయన జొహోర్ సంగతీ టీషర్టు సంగతీ అన్నీ కక్కక తప్పలేదు. టీషర్టు దగ్గరికొచ్చేసరికి వదిన నవ్వు ఆపుకోలేక బల్ల పట్టుకుంది. నవ్వుతూ నవ్వుతూనే ఆవిడకు కోపం వచ్చింది.

"ఇది చూడు," అంది ఎడమచేత్తో కుడిచేతిని బల్లమీదికి ఎత్తిపెట్టి. "రోజూ పొద్దున ఈ పెసలు, సాయంత్రం ఆ బంతి. నొప్పికి ఏడుస్తా చేసినా. అ, ఆ లు చిన్నపిల్లలాగ మళ్ళీ నేర్చుకున్నా. లేచింది నేను. పేరు చీమలకా?"

"అలా కాదు," అన్నాడు అన్న.

"ఎలా కాదు? నేను ఒక్కో పెసరగింజ ఎత్తుతుంటే పక్కన కూర్చుని చూసినావా ఒక్కరోజు? ఆ టైములో పోయి చీమలకి వడ్డించినావు!"

"భయమేసిందే," అన్నాడు అన్న. "నీకేమైనా అయితే నేనేం చేయను? చెయ్యడానికి ఏదో ఒకటి కావాలి కదా."

వదిన కోపం దిగిపోయింది. "పెసలు ఏరు," అంది బల్లమీద పడ్డవి చూపించి. "అది చెయ్యి." ఆయన ఏరడం మొదలుపెట్టాడు. నేనూ ఒక చెయ్యి వేశాను.

అలా పెట్టడం ఆగింది. ఆ నాలుగు రోజులూ ఆయన ఇల్లు కదల్లేదట. వదిన దగ్గితే లేచి నిలబడేవాడు, తుమ్మితే మంచినీళ్ళు తెచ్చేవాడు. చివరికి ఆవిడే నాకు ఫోన్ చేసి, "తొందరగా చంపి పెట్టు నాయనా, ఈయన్ని భరించలేకున్నా," అంది. ఎర వేసే రోజు తనూ వస్తానని కూడా చెప్పింది. వద్దనడానికి నేనెవర్ని.

ఫలితం ముందే చెప్పేస్తాను, మీకు ఆత్రం అక్కర్లేదు. ఎర పనిచేసింది. పిచ్చి చీమలు పూర్తిగా పోయాయని చెప్పను, ఈ పనిలో అలా చెప్పేవాణ్ణి నమ్మకండి. కానీ తోపులో వాటి జోరు తగ్గింది, మళ్ళీ మామూలు చీమలు కనిపించాయి. దీవికి అవి చేరలేదు. స్ప్రే ఫైలు మూతపడింది. వరంగల్ అమ్మాయికి కాంట్రాక్టు పొడిగించారు. ఇప్పుడు తన కింద కుర్రవాళ్ళు పనిచేస్తున్నారు, వాళ్ళకు అన్నం డబ్బా ఎవరు గుర్తుచేస్తున్నారో తెలియదు. నేను చెప్పాలనుకున్నది ఇది కాదు, ఎర వేసిన ఆ ఉదయం గురించి.

ఎర ఎక్కడ వేయాలన్నది పెద్ద ప్రశ్న కాలేదు. తోపులో చీమల దారులన్నీ ఆ కొబ్బరిచిప్పల దగ్గరికే వస్తున్నాయి. మేం వెళ్ళేసరికి అక్కడ చీమలు కిందామీదా పడుతున్నాయి. ఖాళీ చిప్పల్లోకి వెళ్ళడం, రావడం, మళ్ళీ వెళ్ళడం. అన్న చక్రాల కుర్చీని కాలిబాట చివరిదాకా తోసుకొచ్చాడు. అక్కడినుంచి వదిన ఒక పక్క కర్ర, ఒక పక్క ఆయన భుజం పట్టుకుని చెట్టు దాకా నడిచింది. ఆయన చీమల్ని చూసి మొహం తిప్పుకున్నాడు.

"నాకోసమే చూస్తున్నాయిరా," అన్నాడు నాతో. "ఇటివ్వు, నేనే వేస్తా. అలవాటైన చెయ్యి," అని చెయ్యి చాచాడు. ఆ అమ్మాయి ఎర డబ్బా పట్టుకుని నావైపు చూసింది. ఇవ్వాలో వద్దో నాకూ తెలియలేదు.

"నువ్వు జరుగు," అంది వదిన. "నీకు ముప్పై ఏళ్ళ పాపం ముందే ఉంది. మోయలేవు. ఇది నాకివ్వనీ."

బయటివాళ్ళు ఎర ముట్టుకోకూడదని నిబంధన. డైరెక్టరు కూడా ఆ రోజు వచ్చింది. తెలుగు రాకపోయినా ఏం జరుగుతోందో ఆవిడకు అర్థమైనట్టుంది. ఉన్నట్టుండి సముద్రం వైపు తిరిగి ఫోన్లో ఏదో చాలా ముఖ్యమైనది చదవడం మొదలుపెట్టింది. ఆ అమ్మాయి వదిన కుడిచేతికి జాగ్రత్తగా గ్లవ్ తొడిగి, వేళ్ళ మధ్య గరిటె పెట్టింది. "ఆంటీ, మెల్లగ. పడ్తె పడనియ్యుండ్రి," అంది.

నేను చిప్ప ఎత్తి పట్టుకున్నాను. వదిన డబ్బాలోంచి గరిటెడు గింజలు తీసింది. చెయ్యి అటూ ఇటూ ఊగింది. మణికట్టు వంగడం లేదు. ఆవిడ పళ్ళు బిగించింది, నుదుటిమీద చెమట పట్టింది. గరిటె ఒకవైపుకు ఒరగబోయేసరికి అన్న చటుక్కున కింద అరచెయ్యి పట్టాడు.

"చెయ్యి తీయి," అంది వదిన.

"పడిపోతుందే."

"తీయమన్నానా."

ఆయన తీశాడు. తీసి ఆ చేతిని ఏం చేయాలో తెలియనట్టు రెండో చేత్తో గట్టిగా పట్టుకున్నాడు. వదిన మళ్ళీ ఊపిరి పీల్చుకుని, మోచెయ్యి కొంచెం పైకెత్తి, మణికట్టును అంగుళం అంగుళంగా తిప్పి, గింజల్ని చెట్టు మొదట్లో పోసింది. చీమలు వాటిని చుట్టుముట్టాయి. ఒక్కొక్క గింజా ఎత్తుకుని పరుగు తీశాయి.

అమ్మాయి ఊపిరి బిగబట్టి చీమల్నే చూస్తోంది. నేనూ చీమల్నే చూస్తున్నాను, అది మా ఉద్యోగం కదా. అన్న మాత్రం ఒక్క చీమను కూడా చూడలేదు. ఖాళీ అయిన ఆ గరిటెనూ, దాన్ని ఇంకా పట్టుకునే ఉన్న వేళ్ళనూ చూస్తూ నిలబడ్డాడు.

"ఇంకొక గరిటె ఇవ్వమ్మా," అన్నాడు ఆ అమ్మాయితో. "ఆవిడ వేస్తుంది."